సింగన్న మావ అమ్మిన కణుజు మాంసం

మా సింగన్న మావకి ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు. మిగిలిన మూడింటితోనే టీ గ్లాసు పట్టుకుని ఊదుకుంటూ తాగుతాడు. పక్కన కూర్చున్న కొత్తవాడు ఆ చేతినే చూస్తుంటాడు. చూస్తున్నాడని మావకి తెలుసు. అయినా తొందరపడడు. వాడు నోరు తెరిచి అడగాలి.

"అదెలగైందన్నా?"

"ఏటి, ఇదా?" అని మావ చెయ్యి తిప్పి తనే కొత్తగా చూసుకుంటాడు. "కిష్ణదేవిపేట అవతల కొండల్లో. కణుజు నాకు ఇరవై అడుగుల్లో నిలబడ్డాది. కొమ్ములు సూసి ఎండిన సెట్టనుకున్నాను. నాటు తుపాకీ ఎత్తాను. ముందుకి పేలాల్సింది ఎనక్కి పేలిపోనాది. రెండేళ్ళూ ఎగిరిపోనాయి."

"అమ్మో! మరి కణుజు?"

"దాన్ని వొగ్గేస్తానేటి? తువ్వాలు సేతికి సుట్టుకుని రెండు కొండలు దాటాను దానెనక."

ఈ కథ నేను చెడ్డీలు వేసుకునే రోజుల నుంచి వింటున్నాను. ఒకసారి రెండు కొండలు, ఒకసారి మూడు. కొండలు పెరిగినా నేను నమ్మాను.

మావది గొలుగొండ దగ్గర చెరకు పండించే ఊరు. సొంత భూమి లేదు. చెరకు నరకడానికీ, బెల్లం వండేచోటికీ కూలికి వెళ్ళేవాడు. పంతొమ్మిదేళ్ళప్పుడు తోటలో పడి పాడుచేస్తున్న అడవిపందిని, ఎవరిదో తుపాకీ అడిగి పుచ్చుకుని ఒకే గుండుతో పడగొట్టాడు. ఇది నిజమే. చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ రోజు ఊరంతా పాళ్ళు వేసుకుని తిన్నారు. మర్నాటి నుంచి ఆయన కూలి సింగన్న కాదు, వేట సింగన్న. ఒక మనిషికి ఒక్కరోజులో పేరు మారిపోతే ఏమవుతుందో నేను ఆయన్ని చూసే తెలుసుకున్నాను. ఆ పేరుని దింపుకోలేకపోయాడు.

పెళ్ళయ్యాక రాజులమ్మ అత్తని తీసుకుని నర్సీపట్నం వచ్చేశాడు. బలిఘట్టం వైపు రెండు గదుల రేకుల ఇల్లు. బయటికి కనిపించే పని విస్తరాకుల వ్యాపారం. ఏజెన్సీ నుంచి దిగే అడ్డాకులు కొని, ఆడవాళ్ళ చేత కుట్టించి, హోటళ్ళకీ పెళ్ళిళ్ళకీ వేసేవాడు. దాంతో ఇల్లు గడిచేది. పేరు మాత్రం ఉప్పుకండంతో వచ్చింది.

మాంసాన్ని పొడుగ్గా సన్నగా చీల్చి, ఉప్పూ పసుపూ పట్టించి, ఎండలో ఆరబెట్టి, పొయ్యి మీద దండెం కట్టి పొగపెడితే ఉప్పుకండం. నెలలు నిలవుంటుంది. వెనకటి రోజుల్లో మావైపు వేట మాంసాన్ని అలాగే దాచుకునేవారు. ఇప్పుడు వేట నేరం. కణుజు అనే ఆ పెద్ద కొమ్ముల జింకని కొట్టినా, దాని మాంసం దగ్గర పెట్టుకున్నా జైలే. జైలని తెలిసే కొందరికి నోరూరుతుంది.

మావ దగ్గర కొనడం అంటే దుకాణానికి వెళ్ళి తూయించుకోవడం కాదు. ముందు తెలిసినవాడు చెప్పాలి. మావ మనిషిని చూడాలి. చూశాక కూడా సరే అనడు. "సూద్దారి. అడవి ఇవ్వాలి కదా" అంటాడు. తర్వాత ఒకనాడు సంచీ భుజాన వేసుకుని, మోటారు సైకిలు మీద గొలుగొండ రోడ్డు పట్టుకుంటాడు. మూడోనాడు తిరిగొస్తాడు. గడ్డం మాసి ఉంటుంది. చొక్కా అంతా పొగవాసన. ఇంకో వారానికి, అడ్డాకులో చుట్టి నారతో బిగించిన పొట్లం ఒకటి చేతులు మారుతుంది.

కొనేవాళ్ళు పెద్దవాళ్ళు. రోడ్ల కాంట్రాక్టరు కొండబాబు గారి ఇంటికి ఎవరైనా ముఖ్యమైన మనిషి వచ్చాడంటే మావకి ఫోన్ రావాల్సిందే. ఆయన మావని కారులో ముందుసీట్లో కూర్చోబెట్టుకుని ఊరి నడుమ అబీద్ సెంటర్ మీదుగా తీసుకెళ్ళడం నేను చాలాసార్లు చూశాను. అద్దం దించి, మోచెయ్యి బయట పెట్టి, మా మావ ఎవరినీ పలకరించకుండా వెళ్ళేవాడు. ఆయన చేసినదంతా ఆ ముందుసీటు కోసమేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నేను ఆయన చెల్లెలు అప్పయమ్మ కొడుకుని. బీఎస్సీ బయోటెక్నాలజీ రెండో ఏడాది మధ్యలో మానేశాను. ఎందుకు మానేశావని అడిగినవాళ్ళకి తలా ఒక కారణం చెప్పాను. అసలు కారణం ఒకటే, నేను ఒకచోట కూర్చోలేను. మా నాన్న లారీ మీద నెలలో ఇరవైరోజులు బయటే. ఇంట్లో మా అమ్మ ఏడుపు. అలాంటప్పుడు నాకు ఆదర్శం ఎవరు? చదువుకోకుండానే కారు ముందుసీట్లో తిరిగే మావ.

"నన్నూ అడవికి తీసుకెల్లు మావా" అని ఎన్నోసార్లు అడిగాను.

"నిన్ను తీసుకెల్తే మీయమ్మ నన్ను కత్తిపీట మీద కోసేస్తాది."

"అమ్మకి సెప్పనులే."

"నీ నోరు ఆగదురా. అడవిలో దగ్గు కూడా దగ్గకూడదు. నువ్వు సినిమా హాల్లో కూడా మాటాడతావు."

నిజమే కాబట్టి నవ్వేసేవాడిని.

కిందటేడు మార్చిలో ఆయన మోకాలు వాచింది. పాయకరావుపేటలో ఒకాయనకి పొట్లం చేరాలి. మొట్టమొదటిసారి దాన్ని నా చేతికి ఇచ్చాడు. "దారిలో ఎక్కడా ఆగకు. ఎవుడైనా అడిగితే విస్తరాకులని సెప్పు" అన్నాడు. ఆ పొట్లం పట్టుకున్నప్పుడు నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

మా దారుల్లో గంజాయి తనిఖీలు కొత్త కాదు. పాయకరావుపేట ఇంకో పది నిమిషాలుందనగా బండి ఆపారు. నేను విస్తరాకులనే చెప్పాను. అయినా పోలీసాయన పొట్లం విప్పాడు. పసుపు రంగు తిరిగిన నల్లటి ఎండు ముక్కలు.

"ఇదేం మాంసంరా?"

మటన్ అని ఒక్క మాట అనుంటే పోయేది. అప్పుడది తట్టలేదు. సరిగ్గా అప్పుడే ఆయన చేతిలో ఉన్న నా ఫోన్ వెలిగింది. పాయకరావుపేట ఆయన పంపిన మెసేజ్: "కణుజు బయల్దేరిందా తమ్ముడూ?"

పోలీసాయన ఆ లైను పైకే చదివాడు. రెండోసారి కూడా చదివాడు, నాకోసం. తర్వాత ఫారెస్టు వాళ్ళకి ఫోన్ చేశాడు.

రేంజర్ గారు కొట్టలేదు, తిట్టలేదు. ఎదురుగా కుర్చీ వేయించి మంచినీళ్ళిచ్చి అడిగాడు. "నువ్వు వేటగాడివి కాదని నీ చేతులు చూస్తేనే తెలుస్తోంది. ఇచ్చిందెవరో చెప్పు. నిన్ను సాక్షిగా రాసుకుంటాను."

"సంతలో కొన్నాను సార్. ఆయనెవరో తెలీదు."

"ఏ సంత?"

"మర్చిపోయాను."

నాలుగు గంటలు ఇదే పాట. మా మావ పేరు నా నోట రాలేదు. మెసేజ్ పంపినాయన ఫోన్ అప్పటికే స్విచాఫ్. ముక్కలు కొన్ని నా ఎదుటే సీసాలో వేసి, గుడ్డ చుట్టి, లక్కతో సీలు వేశారు. ఇద్దరు సాక్షులు సంతకం పెట్టారు. ఏ జంతువుదో తేల్చడానికి కోర్టు ద్వారా హైదరాబాదు ల్యాబ్‌కి పంపుతామని చెప్పారు. మర్నాడు నన్ను సబ్‌జైలుకి పంపారు.

అక్కడ ఉన్నది ఇరవైమూడు రోజులు. ఆ కష్టాలు ఇక్కడ రాయను. మావ చూడ్డానికి వచ్చాడు. అడ్డుగా ఉన్న వలకి మొహం ఆనించి నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మావా, ఆ ముక్కలకి డీఎన్ఏ పరీక్ష సేస్తారంట."

"సెయ్యనీ."

"కణుజని వస్తే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళంట. లాయరుగారు సెప్పారు."

"రాదురా."

"ఎలగ రాదు?"

మావ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఉప్పేసినాం. ఎండలో ఏసినాం. పొగెట్టినాం. ఇంకేటి మిగుల్తాది అందులో? నమిలినోడికే తెలదు, మిషనుకి తెలుస్తాదేటి? ఏటీ తేలలేదని కాయితం రాసేస్తారు. కేసు పోద్ది."

"కాదు మావా. ఎండిపోయిన తోల్లోంచి, ఎముకలోంచి కూడా తీస్తారు. మా కాలేజీలో సెప్పారు."

"నీ సదువు నాకు సెప్పకు. అదే నువ్వు వొగ్గేసినావు కదా." అంటూనే నవ్వడానికి ప్రయత్నించాడు. తర్వాత వలలోంచి మూడువేళ్ళ చెయ్యి లోపలికి దూర్చి నా వేలు పట్టుకున్నాడు. "నా పేరు మాత్రం సెప్పకు అల్లుడూ. నేనుండగా నీకేటీ కాదు."

ఆయన నాకు ధైర్యం చెబుతున్నాడనుకున్నాను. నాలాంటి మేనల్లుడు ఏ మావకీ ఉండడని కూడా అనుకున్నాను.

బెయిలొచ్చింది. ప్రతి సోమవారం రేంజి ఆఫీసుకి వెళ్ళి సంతకం పెట్టాలి. అచ్యుతాపురం వైపు ఒక మందుల కంపెనీలో హెల్పరు పని ఖాయమైంది నాకు, కేసుకి ముందు. పోలీసు వెరిఫికేషనులో ఆగిపోయింది. మా వీధిలో ఆడవాళ్ళు మా అమ్మ ఎదురుపడితే మాట మార్చేసేవారు. ఐదు నెలలు అలా గడిచాయి. ఏడేళ్ళు అనే మాట నాతోపాటే పడుకుని నాతోపాటే లేచేది. అప్పటికి నాకు ఇరవైరెండు. బయటికొచ్చేసరికి ఇరవైతొమ్మిది. ఈ లెక్క ఎన్నిసార్లు వేశానో. మావ వారానికోసారి ఇంటికొచ్చి, మా అమ్మ పెట్టిన టీ తాగి, "ఏటీ అవ్వదే అప్పయమ్మా" అని వెళ్ళిపోయేవాడు.

ఆగస్టులో లాయరు వీరేంద్ర గారు ఫోన్ చేశాడు. "రిపోర్టొచ్చింది. బేగి రా." ఇంకేం చెప్పలేదు.

ఆయన గదిలో ఫ్యాను కింద నిలబడ్డాను. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ఇంగ్లీషులో ఉన్న మూడు పేజీలు తిప్పి, చివరి పేజీ దగ్గర ఆగి, నావైపు చూసి ఒక్కసారిగా నవ్వడం మొదలెట్టాడు. పెద్దమనిషి. కుర్చీ కిర్రుమనేలా నవ్వాడు.

"గొర్రెరా బాబూ. గొర్రె!"

"ఏటండీ?"

"నువ్వు ఇరవైమూడు రోజులు జైల్లో కూర్చుంది గొర్రె మాంసానికయ్యా. కణుజు లేదు, దుప్పి లేదు. ఇళ్ళల్లో పెంచే గొర్రె."

నాకు ఆనందం రాలేదు. మొదట వచ్చింది అనుమానం. "శాంపిల్ మారిపోయుంటాదండీ. ఎవరిదో ఎవరికో."

ఆయన నవ్వు ఆపి రిపోర్టు నా ముందు పెట్టాడు. "సీలు నెంబరు నీదే. సీలు చెదరలేదని రాశారు. మూడు ముక్కలు విడివిడిగా చేశారు. మూడూ గొర్రే. నువ్వు చదివింది ఇదే కదా, నువ్వే చూసుకో."

చూసుకున్నాను. కాలేజీలో కిటికీ పక్క బెంచీ మీద కూర్చుని నేను వినకుండా వదిలేసిన పాఠం అది. కణం లోపల తల్లివైపు నుంచి మాత్రమే వచ్చే చిన్న డీఎన్ఏ ఉంటుంది. ఒక్కో కణంలో వందల ప్రతులుంటాయి. అందుకే ఉప్పూ, ఎండా, పొగా ఎంత పాడుచేసినా ఎక్కడో కొన్ని మిగిలే ఉంటాయి. అందులో ఒక భాగాన్ని యంత్రంలో పెట్టి లక్షల ప్రతులు తీస్తారు. దాని అక్షరాల వరుస చదివి, ముందే తెలిసిన జంతువుల వరుసల పక్కన పెట్టి చూస్తారు. నా ముక్కల వరుస గొర్రెతో నూటికి తొంభైతొమ్మిది పైన కలిసింది. కణుజుకి దగ్గరగా కూడా లేదు. మావకి దాచడానికి చోటే లేకుండా రాశారు.

అప్పుడు ఆ వల వెనక ఆయన మొహం గుర్తొచ్చింది. "రాదురా" అన్నాడు. ధైర్యం కాదు అది. ఆయనకి తెలుసు.

నేరుగా మావ ఇంటికి వెళ్ళాను. ఆయన లేడు. రాజులమ్మత్త వెనక పెరట్లో పీట మీద కూర్చుని మాంసం చీలికలకి పసుపు రుద్దుతోంది. నన్ను చూసి చేతులు ఆగిపోయాయి. నా చేతిలో కాగితాలు చదవడం ఆమెకి రాదు. చదవక్కర్లేకపోయింది.

"తెలిసిపోనాదేటి?" అంది.

"ఎప్పటినుంచత్తా?"

"మీ మావ అడవి మొకం సూసి ఇరవయ్యేళ్ళు దాటిపోనాది." తల ఎత్తకుండానే చెప్పింది. "గొలుగొండ రోడ్డెక్కుతాడు, నలుగురూ సూస్తారు. ఊరు దాటాక సుట్టు తిరిగి రోలుగుంట పోతాడు. అక్కడ మా తమ్ముడు అప్పాజీకి గొర్రెలున్నాయి కదా. ముసిలైపోయి ఈనడం మానేసినవి కోస్తారు. మూడ్రోజులు ఆ సావిట్లో పడుకుని తిరిగొచ్చీడమే."

"మరి సేతి ఏళ్ళు? తుపాకీ పేలి..."

"తుపాకీ లేదు, ఏటీ లేదు. సెరకు గానుగలో పోనాయి. నన్ను సేసుకోడానికి ముందే."

గానుగలో వేళ్ళు పోయిన కూలివాళ్ళు మావైపు చాలామందే ఉన్నారు. వాళ్ళనెవరూ అదెలా అయిందని అడగరు. అందుకే మావకి కొండా, కణుజూ కావాల్సొచ్చాయి. ఆ తెలివికి నేను కోపంలో కూడా ఆశ్చర్యపోయాను. పేరుకి అమ్మింది నేరమైన సరుకు. కొన్నవాడు నోరు తెరవడు. ఎవరికీ చూపించడు. బాగాలేదని అడగడానికి ఎక్కడికీ పోలేడు. ఇరవయ్యేళ్ళు ఒక్కడూ పట్టుకోలేకపోయాడంటే ఊరికే కాదు.

"నేను లోపలుంటే నీకు తెలిసి కూడా సెప్పలేదు కదత్తా. రేంజరు కాడికెల్లి ఒక్క మాట. అది గొర్రెండీ అని."

"బయల్దేరాను. సెప్పులేసుకున్నాను కూడా." ఆమె పసుపు చేతులు అలాగే గాల్లో పట్టుకుని ఉంది. "గుమ్మంలో కూకుని నా కాళ్ళు పట్టుకున్నాడు. పెల్లయి ముప్పయ్యేళ్ళు, ఆయన నా కాళ్ళు ముట్టడం అదే. ఏటి సెయ్యను నేను?"

ఇంతలో మావ వచ్చాడు. నన్నూ, కాగితాల్నీ, అత్త మొహాన్నీ చూశాడు. చొక్కా విప్పి మేకుకి తగిలించాడు. మోకాలు పట్టుకుని నెమ్మదిగా మంచం మీద కూర్చున్నాడు.

"కేసు పోనాది కదా" అన్నాడు.

"అదొక్కటేనా నువ్వనేది?"

"మరేటనమంటావు? నేను సెప్పలేదేటి, నీకేటీ కాదని."

"నాలుగ్గంటలు కూకోబెట్టి అడిగితే నీ పేరు సెప్పలేదు నేను. ఏడేళ్ళు పడతాదని తెలిసి కూడా సెప్పలేదు. నీకు తెలుసు అది ఏటో. ఒక్క మాట సెప్తే ఆ సాయంత్రమే వొదిలేసీవోరు."

"మిషనుకి తేలదనుకున్నాన్రా. తేలకపోతే నువ్వూ బయటికొస్తావు, నా మాటా ఉంటాది."

"తేలింది కదా ఇప్పుడు."

మావ మోకాలు నిమురుకున్నాడు. ఆ తర్వాత అన్న మాట నేను చచ్చేదాకా మర్చిపోను. "నీకేటైందిరా? ఇరవైమూడు రోజులు. కుర్రోడివి, తట్టుకున్నావు. నాకిది పోతే ఏటి మిగుల్తాది? విస్తళ్ళు కుట్టీ సింగన్న. కొండబాబు గారు నా మొకం సూస్తాడేటి? ఇంట్లో మాట ఇంట్లోనే ఉండనీ అల్లుడూ."

అంతా ఒప్పుకున్నట్టే మాట్లాడాడు గానీ, గొర్రె అనే మాట ఆయన నోట రాలేదు. ఇది, అది, ఆ మాట. అంతే. నేను గమనించాను.

రెండు వారాల్లో కేసు కొట్టేశారు. కోర్టు బయట వీరేంద్ర గారు భుజం తట్టి, "పో, పని చూసుకో" అన్నాడు. ఊరంతా నిజం తెలిసిపోతుందనీ, నేను ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదనీ అనుకున్నాను. నా తెలివి అంతవరకే.

నాలుగో రోజు అబీద్ సెంటర్లో నా పక్కన కారు ఆగింది. కొండబాబు గారు అద్దం దించాడు.

"ఏరా, బయటపడ్డావు. మీ మావ మొనగాడురా. హైదరాబాదులో ఎవడ్ని పట్టుకున్నాడో, ఏం చేశాడో గానీ, కణుజుని గొర్రె చేసి పడేశాడు!"

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "అలగని ఎవరు సెప్పారండీ?"

"ఎవరు చెప్పాలి? ఆయన చెప్పుకుంటాడా అంత తేలిగ్గా? మొన్న కారులో నేనే అడిగాను. ఏటయ్యా సింగన్నా, రిపోర్టు మార్పించేశావంట కదా అంటే, మీసం తుడుచుకుని నవ్వాడు. మేనల్లుడు కదండీ, వొగ్గేస్తానా అన్నాడు. అంతే. పెద్దోళ్ళ పేర్లు బయటపెట్టడు మీ మావ. నమ్మకస్తుడు."

జేబులో రిపోర్టు నకలు ఉంది. తీసి కిటికీలోంచి ఇచ్చాను. "ఇది ఎవరూ మార్చలేదండీ. అది నిజంగా గొర్రే. మీరు ఇన్నేళ్ళూ తిన్నవన్నీ రోలుగుంట గొర్రెలే. ముసలివి."

ఆయన మొహంలో నవ్వు పోయింది. కాగితం మీద చూపు కూడా వేయకుండా నా చేతిలోనే పెట్టేశాడు. "నేను మాంసం తినడం మొదలెట్టి నలభయ్యేళ్ళైంది. గొర్రెకీ కణుజుకీ తేడా తెలీకుండా తిన్నానంటావా? నా ఇంటికొచ్చిన ఆఫీసర్లందరూ తెలీకుండానే తిని మెచ్చుకున్నారంటావా? నీకోసం ఆ మనిషి అంత చేస్తే, నువ్వు నడిరోడ్డు మీద ఆయన పరువు తీస్తున్నావు. బుద్ధుందా?"

కారు వెళ్ళిపోయింది. మావని నమ్మకపోతే కొండబాబు గారు తన నాలుకని తనే అనుమానించాలి. అంత కష్టం ఎందుకు పడతాడు?

ఆ మాట ఊరంతా పాకింది. టీ బంకు దగ్గర తెలియనివాళ్ళు కూడా నన్ను చూసి కన్ను కొట్టేవారు. "గొర్రె బాగుందా తమ్ముడూ?" అంటే అందరూ నవ్వు. కంపెనీ పని కోసం మళ్ళీ దరఖాస్తు పెట్టుకున్నాను. విచారణకి వచ్చినాయన రిపోర్టు చూసి చిన్నగా నవ్వాడు. "ఇలాంటివి ఎలా వస్తాయో మాకు తెలీదేటమ్మా" అన్నాడు మా అమ్మతో. పని రాలేదు. కేసులో ఉన్నప్పుడు నేను నేరం చేశానేమో అనే అనుమానం ఉండేది. నిర్దోషినని తేలాక ఆ అనుమానం కూడా పోయింది. కణుజు మాంసం అమ్మి, మావ పలుకుబడితో తప్పించుకున్నవాడిని నేను. ఒక్క మనిషి నోటి మాటతో తప్ప ఆ మచ్చ పోదు.

మా అమ్మ కూడా నమ్మింది. నేను చెప్పింది కాదు, మావ చెప్పనిది. "మా అన్న నీకోసం ఎవుడి కాళ్ళు పట్టుకున్నాడో" అని కళ్ళు తుడుచుకునేది. కేసు పోతే బంధువులకి భోజనాలు పెడతానని మొక్కుకుందట. ఒక ఆదివారం పెట్టింది. వీధిలో షామియానా వేసి, నలభైమందికి విస్తళ్ళు. మావ పిలిస్తే కొండబాబు గారు కూడా వచ్చాడు. మావని తన పక్క కుర్చీలోనే కూర్చోబెట్టుకున్నాడు.

భోజనాలకి ముందు మా అమ్మ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఆ కుర్చీ ముందు నిలబెట్టింది.

"దండమెట్టు మావకి. నీకు బతుకిచ్చినాడు."

అందరూ చూస్తున్నారు. మావ కుర్చీలో సర్దుకున్నాడు. మీసం తుడుచుకున్నాడు.

"దండమెడతాను" అన్నాను. "మావా, ఒక్కమాటు గొర్రె అను. ఇక్కడ, అందరూ వింటుండగా. అను, కాళ్ళ మీద పడిపోతాను. జీవితమంతా నువ్వు సెప్పింది సేస్తాను."

మావ నా కళ్ళలోకి చూశాడు. పెదవులు కదిలాయి. నాకు అంత దగ్గర్లో ఉన్నాడు కాబట్టి చూశాను, ఆ మాట గొంతుదాకా వచ్చింది. నన్ను బతిమాలుతున్నట్టు చూశాడు. ఒక క్షణం, నేను కూడా ఆయన్ని అలాగే చూశాననుకుంటాను.

కొండబాబు గారు గొంతు సవరించుకున్నాడు.

మావ ఆ మాట మింగేశాడు. కొండబాబు గారి వైపు తిరిగి, నవ్వుతూ, "కుర్రోడికి లోపల బుర్ర తిరిగిపోనాదండీ బాబూ. రోజూ ఆ కాయితమే సదువుతున్నాడు. ఆడు కూడా నమ్మేసినాడు!" అన్నాడు.

ముందు కొండబాబు గారు నవ్వాడు. తర్వాత నలభైమందీ. మా అమ్మ నా మెడ మీద చెయ్యి వేసి వంచబోయింది, "పెద్దోళ్ళతో అలగేనా మాటాడ్డం?" అంటూ. ఆ చెయ్యి తోసేశాను. చెప్పులు వెతుక్కుని బయటికి నడిచాను. వెనక వడ్డన మొదలైంది.

రాజులమ్మత్త అన్నం బేసిను పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఆమెకి అంతా తెలుసు. అంతా వింది. నేను దగ్గరికి రాగానే ఒక అడుగు పక్కకి జరిగి, నాకు దారిచ్చి, బేసినుతో లోపలికి వెళ్ళిపోయింది.